సోవియట్ యూదుల వలస హక్కు: ఓవీర్ గుమ్మం నుంచి వాషింగ్టన్ దాకా జరిగిన పని ఏమిటి, అందులో ఏది పారింది?

#1 రాజమండ్రి_రాత్రి

సోవియట్ యూదుల వలస ఉద్యమం అనగానే అందరూ రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. ఒకటి జాక్సన్-వానిక్ సవరణ, అంటే వలసను అడ్డుకునే దేశానికి వాణిజ్య రాయితీ ఇవ్వొద్దన్న అమెరికా చట్టం. రెండోది 1986 ఫిబ్రవరి 11న వలస ఉద్యమకారుడు షరాన్‌స్కీ సోవియట్ జైలు నుంచి విడుదలై బెర్లిన్‌లో గ్లీనికె వంతెన దాటడం. ఆ రెంటి వెనక జరిగిన చాకిరీ గురించి మాట్లాడుకుందామని ఈ చర్చ పెడుతున్నాను. ఓవీర్‌లో, అంటే దేశం విడిచే అనుమతిచ్చే సోవియట్ ఆఫీసులో, దరఖాస్తు ఎలా నడిచేది, ఎక్కడ ఆగిపోయేది? న్యూయార్కులోనో లండన్‌లోనో ఉన్నవాళ్ళు ఒక్కో కుటుంబం కోసం కూర్చుని చేసే పని ఏమిటి? ఏది ఫలితమిచ్చింది, ఏది వట్టి గోల?

సోవియట్ భూమి పత్రిక, రాదుగ పుస్తకాలు చదువుకుంటూ పెరిగినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక ముందే మనవి. కమ్యూనిజం మంచిదా చెడ్డదా అనే పంచాయితీ వేరే చోట పెట్టుకుందాం.

#2 పాతకాగితాలు

దరఖాస్తు దగ్గరే మొదలుపెడతాను. ఉద్యమం ఎత్తుగడలన్నీ ఆ కాగితాల చుట్టూ అల్లుకున్నవే.

ఓవీర్ అంటే వీసాలు, నమోదు చూసే విభాగం, హోం శాఖ కింద ఉండేది. అక్కడికెళ్ళి "నాకు ఈ దేశంలో ఉండాలని లేదు, పోతాను" అంటే కుదరదు. ఆచరణలో ఒప్పుకునే కారణం ఒక్కటే, విడిపోయిన కుటుంబాలు కలవడం. కాబట్టి ముందు ఇజ్రాయెల్‌లోని బంధువు దగ్గర నుంచి పిలుపు పత్రం రావాలి. దాన్నే వీజొవ్ అనేవారు. అక్కడ నోటరీ చేయించి, విదేశాంగ శాఖ ముద్ర వేయించి, టెల్ అవీవ్‌లోని ఫిన్లాండ్ రాయబార కార్యాలయంలో ధ్రువీకరించుకోవాలి. 1967 జూన్ అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంతో మాస్కో ఇజ్రాయెల్‌తో సంబంధాలు తెంచుకుంది. అప్పటినుంచి ఇజ్రాయెల్‌లో సోవియట్ వ్యవహారాలు ఫిన్లాండూ, మాస్కోలో ఇజ్రాయెల్ వ్యవహారాలు నెదర్లాండ్సూ చూసేవి. ఇంత చేసిన పత్రం మామూలు తపాలాలో వచ్చేది. చాలాసార్లు దారిలోనే మాయమయ్యేది. ఒకటి పోతే రెండోది, అదీ పోతే మూడోది పంపిస్తూ ఉండటం బయటివాళ్ళ మొదటి పని.

పిలుపు అందాక దానికి దరఖాస్తు ఫారం, స్వీయ జీవిత వివరం, ఫొటోలు, నివాస ధ్రువపత్రం జతచేయాలి. అసలు ఉచ్చు ఆ తర్వాతిది. పనిచేసే చోటు నుంచి ఖరక్తెరీస్తిక అనే నడవడి పత్రం తేవాలి. దాని మీద సంస్థ అధిపతి, పార్టీ కార్యదర్శి, కార్మిక సంఘం అధ్యక్షుడు ముగ్గురూ సంతకం పెట్టాలి. సంతకం అడిగిన రోజే విషయం బయటపడుతుంది. మీటింగు పెట్టి నలుగురిలో దులిపేస్తారు. చాలామందికి అక్కడే ఉద్యోగం ఊడేది, లేకపోతే హోదా తగ్గేది. అంటే ఓవీర్ ఇంకా కాగితం ముట్టుకోకముందే మనిషి రెంటికీ చెడ్డ రేవడి అయిపోయేవాడు. 1976లో దీని బదులు పనిచేస్తున్నట్టు మామూలు ధ్రువపత్రం చాలన్నారు. కానీ అదైనా ఆ ఆఫీసులోనే అడగాలి కదా.

ఇక తల్లిదండ్రుల సంగతి. దరఖాస్తుదారుడికి ఎన్నేళ్ళొచ్చినా సరే, "వీడి మీద మాకు ఆర్థికంగా రావాల్సింది ఏమీ లేదు" అని తల్లిదండ్రులు సంతకం చేసిన కాగితం కావాలి. విడాకులైతే మాజీ భార్యో భర్తో కూడా ఇవ్వాలి. తండ్రి పార్టీ మనిషయితేనో, తన ఉద్యోగం పోతుందని భయపడితేనో సంతకం పెట్టడు. అప్పుడు ఓవీర్ దరఖాస్తు తీసుకోదు. తీసుకోలేదు కాబట్టి తిరస్కరించినట్టూ కాదు! "పేద చుట్టాలు" అని తమకు తామే ఎగతాళి పేరు పెట్టుకున్నది వీళ్ళే. తిరస్కరణల జాబితా మాత్రమే చూసుకునే సంస్థలకు వీళ్ళసలు కనిపించరు. వీళ్ళకు విడిగా ఒక జాబితా ఉండాల్సిందే.

చివరికి జవాబు. పిలిపించి నోటిమాటగా చెప్తారు, చేతికి కాగితం ఇవ్వరు. ఆరు నెలలో ఏడాదో ఆగి మళ్ళీ రమ్మంటారు.

#3 సీతాకోక

మంచి వివరం మాస్టారూ. తిరస్కరించడానికి ఏ కారణాలు చెప్పేవారు? ఫీజులెంత?

#4 పాతకాగితాలు

కారణాల్లో పెద్దది "రహస్యం". మూసిన సంస్థల్లో పనిచేసినవాళ్ళకు ఒకటో ఫారం, రెండో ఫారం, మూడో ఫారం అని రహస్య అనుమతులుండేవి. మూడోది కింది స్థాయి, ప్రయోగశాలలో గుమాస్తా పనికీ అదే ఉండేది. ఆ ఉద్యోగం మానేసి ఎన్నేళ్ళయితే రహస్యం పాతబడుతుందో ఎక్కడా ప్రకటించలేదు. మెలిక అక్కడుంది. అయిదేళ్ళని రాసి ఉంటే లెక్క చూపించి వాదించొచ్చు, ఏమీ రాయని దానిమీద ఏం వాదిస్తాం? పైగా కుర్రాళ్ళను సైన్యంలోకి లాక్కుని, బయటికొచ్చాక "నువ్వు సైనిక రహస్యాలు చూశావు" అనేవారు. కాలేజీ నుంచి తీసేస్తే సైన్యం, సైన్యం నుంచి వస్తే రహస్యం.

రెండో కారణం "బంధుత్వం దగ్గరిది కాదు". 1987 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన నిబంధనల్లో తల్లిదండ్రులు, పిల్లలు, భార్యాభర్తలు, తోబుట్టువులు మాత్రమే లెక్కలోకి వస్తారని రాతపూర్వకంగానే బిగించారు. గోర్బచోవ్ వచ్చాక అంతా ఒక్కసారి సడలిందనుకునేవాళ్ళు ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

ఫీజు మొదట 40 రూబుళ్ళు. 1970లో 400 చేశారు, 1976లో 300కి దించారు. ఇది కాక సోవియట్ పౌరసత్వం వదులుకున్నందుకు మరో 500. మీరు వదులుకుంటానని అడిగేదేమీ ఉండదు. ఇజ్రాయెల్ వెళ్ళేవాళ్ళ పౌరసత్వం తీసేయాలని 1967 ఫిబ్రవరిలోనే ఉత్తర్వు ఉంది. దాని ఖర్చు మన దగ్గర వసూలు చేస్తారు, అంతే. అప్పటి సగటు జీతం నెలకు 120, 130 రూబుళ్ళు. నలుగురున్న ఇంట్లో పెద్దవాళ్ళిద్దరికీ లెక్కేసుకోండి.

1972 ఆగస్టు 3న దీని మీద "డిప్లొమా పన్ను" వచ్చిపడింది. ప్రభుత్వం చదివించింది కాబట్టి ఆ ఖర్చు కట్టి వెళ్ళమన్నారు. మాస్కో విశ్వవిద్యాలయం పట్టాకు 12,200 రూబుళ్ళు. జీతమంతా దాచినా ఏడెనిమిదేళ్ళు పడుతుంది. పరిశోధన పట్టాలున్నవాళ్ళకు ఇంకా ఎక్కువ.

#5 వాదప్రతివాదం

చట్టం వైపు నేను చెప్తాను. వలస వెళ్ళే హక్కు గాలిలోంచి పుట్టించింది కాదు. 1948 విశ్వ మానవహక్కుల ప్రకటన 13వ అధికరణం రెండో భాగంలో ఉంది, ఎవరైనా ఏ దేశాన్నయినా, తన సొంత దేశాన్నయినా, విడిచి వెళ్ళవచ్చు, తిరిగి రావచ్చు అని. ఓటింగులో సోవియట్ యూనియన్ తటస్థంగా ఉంది కాబట్టి "అది మమ్మల్ని కట్టదు" అనగలిగేది. కానీ జాతి వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని 1969లోనూ, పౌర రాజకీయ హక్కుల ఒప్పందాన్ని 1973లోనూ తానే ఆమోదించింది. ఈ రెండోది 1976 మార్చిలో అమల్లోకి వచ్చింది. దాని 12వ అధికరణం మూడో పేరాలో దేశ భద్రత పేరుతో పరిమితి పెట్టొచ్చని ఉంది. కానీ ఆ పరిమితి "చట్టంలో రాసి" ఉండాలి. పైన పాతకాగితాలు గారు చెప్పిన, ఎక్కడా రాయని రహస్య గడువు సరిగ్గా ఇక్కడే దొరికిపోతుంది. బాగా రాసిన వినతుల్లో సానుభూతి మాటలు తక్కువ, ఈ లంకె ఎక్కువ ఉండేది.

1975 ఆగస్టు 1న సోవియట్, పాశ్చాత్య దేశాలు కలిసి సంతకం చేసిన హెల్సింకీ ఒడంబడిక. అది సంధి కాదు, కోర్టుకెక్కే వీలు లేదు. అయినా కుటుంబాల కలయిక గురించి "మూడో బుట్ట" అనే మానవీయ అంశాల భాగంలో మాట ఇచ్చింది బ్రెజ్నెవ్ సంతకం. పాఠాన్ని ప్రావ్దా పూర్తిగా అచ్చేసింది కూడా. 1976 మే 12న భౌతిక శాస్త్రవేత్త యూరీ ఓర్లోవ్ మాస్కోలో హెల్సింకీ బృందం పెట్టి ఆ పాఠాన్నే పట్టుకుని ఉల్లంఘనలు నమోదు చేయడం మొదలుపెట్టాడు. అందులో షరాన్‌స్కీ ఉన్నాడు. 1977 మార్చిలో అరెస్టు, 1978 జూలైలో రాజద్రోహం కింద 13 ఏళ్ళ శిక్ష.

మన సుప్రీంకోర్టు విదేశ ప్రయాణాన్ని 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమన్నది 1967 సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో. 1978 మేనకా గాంధీ కేసులో దాన్ని ఇంకా గట్టిచేసింది. అదే ఏడాది మాస్కోలో ఏం జరుగుతోందో చూడండి.

#6 కరీంనగర్_కబుర్లు

సంస్థ సంతకం లేనిదే దేశం దాటలేకపోవడం మనవాళ్ళకు తెలియందేం కాదు. ఖతార్‌లో 2018 దాకా యజమాని ఒప్పుకుంటేనే ఎగ్జిట్ పర్మిట్. నిజామాబాద్, జగిత్యాల వైపు ఏ ఊళ్ళో అడిగినా చెప్తారు.

#7 వాదప్రతివాదం

పోలిక కొంతవరకు నిలుస్తుంది. తేడా ఏమిటంటే గల్ఫ్ కార్మికుడికి వెనక్కి రావడానికి ఒక దేశం, అడగడానికి ఒక ఎంబసీ ఉన్నాయి. ఇక్కడ ఆపేది సొంత దేశమే. పాస్‌పోర్టు అయిదో గడిలో జాతి "యూదు" అని రాసి, కొన్ని విశ్వవిద్యాలయాల్లో సీటుకీ కొన్ని ఉద్యోగాలకీ దాన్నే అడ్డం పెట్టి, హీబ్రూ నేర్పితే కేసులు పెట్టి, పోతానంటే పోనివ్వదు. ఉంచుకోదు, వదలదు.

#8 నల్లమల

హక్కులూ అధికరణాలూ బాగున్నాయి. లెక్కలు చూద్దామా? 1973లో సుమారు 34,700 మంది బయటికొచ్చారు. 1975 జనవరిలో జాక్సన్-వానిక్ చట్టమైంది. ఆ ఏడాది 13,200. అమెరికా సెనేటర్లు వీరంగం వేసి ఉన్న దారి మూయించారు. అమెరికా విదేశాంగ మంత్రి కిసింజర్ చాటుగా చేస్తున్న బేరం బాగానే సాగేది. ఒప్పుకోవడానికి ఇష్టం లేకపోయినా సత్యం అదే.

#9 వాదప్రతివాదం

నల్లమల గారూ, 1974 ఏమైంది? ఆ ఏడాది సుమారు 20,600. అంటే చట్టం రాకముందే సంఖ్య పడిపోయింది. 1973 అక్టోబరు అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం ఒక కారణం. వెళ్ళాలనుకున్నవాళ్ళే జంకారు, మాస్కో కూడా బిగించింది.

వరస ఇదీ. డిప్లొమా పన్ను ఆగస్టులో వచ్చింది. అక్టోబరు 4న హెన్రీ జాక్సన్ సెనేట్‌లో సవరణ పెట్టాడు. వలసను అడ్డుకునే, వలసకు నామమాత్రం కాని రుసుము వేసే, మార్కెట్ వ్యవస్థ లేని దేశానికి వాణిజ్యంలో అత్యంత అనుకూల హోదా ఇవ్వకూడదు, ప్రభుత్వ రుణాలూ ఇవ్వకూడదు. ప్రతినిధుల సభలో చార్లెస్ వానిక్. 1973 డిసెంబరులో అక్కడ 319–80తో నెగ్గింది. ఏడాది తర్వాత సెనేట్‌లో 88–0. 1975 జనవరి 3న ఫోర్డ్ సంతకం. సవరణ ఇంకా ప్రతిపాదనగా ఉండగానే, 1973 మార్చిలో, బ్రెజ్నెవ్ డిప్లొమా పన్ను వసూలు ఆపించాడు. ఉత్తర్వు పుస్తకాల్లో ఉండిపోయింది, వసూలు మాత్రం ఆగింది. సవరణ సాధించిన మొదటి ఫలితం అదే.

తర్వాత దెబ్బ ఎక్కడ తగిలింది? 1974 అక్టోబరు 18న వలస సడలింపుపై మాస్కో ఇచ్చిన హామీల గురించి కిసింజర్, జాక్సన్ ఉత్తరాలు మార్చుకున్నారు. జాక్సన్ అదే రోజు శ్వేతసౌధంలో విలేకరుల ముందు ఏడాదికి 60,000 అనే అంకె ప్రకటించేశాడు. అలాంటి హామీ ఏదీ ఇవ్వలేదని సోవియట్ విదేశాంగ మంత్రి గ్రోమికో ఉత్తరం రాశాడు. ఎదుటివాణ్ణి ఒప్పించాక ఊరంతా చాటింపు వేస్తే వాడు వెనక్కి తగ్గక చేసేదేముంది? దీనికి తోడు అడ్లై స్టీవెన్సన్ పెట్టిన మరో సవరణ ఎగుమతి దిగుమతి బ్యాంకు రుణాలను నాలుగేళ్ళకు 30 కోట్ల డాలర్లకు బిగించింది. మాస్కోకు కావలసింది సుంకం తగ్గింపు కంటే రుణం. రుణమే రాకపోతే యూదుల్ని వదిలి వాళ్ళకు ఒరిగేదేమిటి? 1975 జనవరిలో మొత్తం వాణిజ్య ఒప్పందాన్నే వద్దన్నారు. కాబట్టి తప్పు షరతు పెట్టడంలో కాదు. షరతు తీరిస్తే వచ్చే లాభాన్ని రెండో సవరణ మింగేయడంలో ఉంది.

1979లో 51,000 దాటింది. అణ్వస్త్రాల ఒప్పందం సెనేట్ ముందుంది, హోదా మీద మళ్ళీ ఆశ పుట్టింది. సోవియట్ సైన్యం అఫ్గానిస్థాన్‌లో దిగాక రెండు ఆశలూ పోయాయి. 1980లో 21,000, 1982లో 2,700 లోపు, 1984లో 896.

#10 నల్లమల

అంటే చివరికి ఎగిరిందీ పడిందీ అగ్రరాజ్యాల బేరాన్ని బట్టే. మీ వినతులూ ఉత్తరాలూ ఏం చేసినట్టు?

#11 పాతకాగితాలు

మొత్తం ఎంతమంది అనేది బేరం తేల్చింది, నిజమే. ఎవరు అనేది తేల్చింది జాబితాలు. ఈ రెండూ కలిపేస్తే ఉద్యమం అర్థం కాదు.

షరతు ఎక్కడ పనిచేసిందో చూడాలంటే రుమేనియాను చూడండి. 1975లోనే మినహాయింపు తీసుకుని హోదా పొందింది. ఆ మినహాయింపు ఏడాదికే. ప్రతి జూన్ మొదట్లో అమెరికా అధ్యక్షుడు మళ్ళీ సిఫారసు చేయాలి, వేసవిలో కాంగ్రెసు విచారణలు జరుగుతాయి. విచారణల ముందు బుకారెస్టులో పెండింగు కేసులు కదలడం ఏటా చూసేవారు. 1982 నవంబరులో రుమేనియా అధినేత చౌషెస్కూ కూడా చదువు ఖర్చు విదేశీ ద్రవ్యంలో కట్టి వెళ్ళమని ఉత్తర్వు వేశాడు. హోదా తీసేస్తున్నానని 1983 మార్చిలో రీగన్ ప్రకటించాడు, జూన్ 30 గడువు. గడువులోపే రుమేనియా దిగొచ్చింది. అదే చట్టం, అదే రకం పన్ను. తేడా ఏమిటంటే రుమేనియా చేతిలో పోగొట్టుకోవడానికి ఒకటుంది.

#12 ఉత్తరాలసంచి

జాబితాల పని గురించి వివరంగా రాస్తాను. ప్రశ్న వేసినవారు అడిగింది అసలు ఇదే.

ఒక్కో కుటుంబానికి ఒక్కో కార్డు. అందులో ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు మూడూ రష్యన్ లిపిలో ఉండాలి. పక్కన ఇంగ్లీషు వర్ణక్రమం ఒకే ఒక్కటి నిర్ణయించుకుని అందరూ అదే వాడాలి. ఒకే మనిషి రెండు వర్ణక్రమాలతో రెండు జాబితాల్లోకి ఎక్కితే "మీ జాబితా తప్పులతడక" అని మొత్తం పక్కన పెట్టేయడానికి సోవియట్ అధికారికి సాకు దొరుకుతుంది. పుట్టిన ఏడు, అపార్టుమెంటు నంబరుతో చిరునామా, మొదటి దరఖాస్తు తేదీ, మొదటి తిరస్కరణ తేదీ, చెప్పిన కారణం ఆ అధికారి అన్న మాటల్లోనే, చివరి "రహస్య" ఉద్యోగం మానేసిన తేదీ, పిలుపు పంపినవారి బంధుత్వం, ఇంట్లో రోగులెవరైనా ఉంటే ఆ జబ్బు పేరు. ఉద్యోగం మానేసిన తేదీ లేని కార్డు సగం పనికిరాదు. రహస్యం పాతబడిందని వాదించేది దాన్ని బట్టే. అన్నిటికంటే ముఖ్యం, అనుమతి వచ్చినవాళ్ళ పేరు వెంటనే కొట్టేయాలి. అప్పటికే ఇజ్రాయెల్‌లోని హైఫాలో కాపురం పెట్టిన మనిషిని విడిచిపెట్టమని సెనేటర్ సభలో అడిగితే ఆ సెనేటర్ మళ్ళీ మీ ఫోను ఎత్తడు.

కార్డు నింపడానికి ఫోన్లే ఆధారం. విదేశీ ఆపరేటరు ద్వారా ముందే కాల్ బుక్ చేసి, రష్యన్ వచ్చినవాళ్ళు మాట్లాడి, టేపు చేసి, అదే రాత్రి కాగితం మీద పెట్టి పత్రికలకూ ప్రజాప్రతినిధులకూ పంపేవారు. 1972 ఆగస్టులో సోవియట్ ప్రభుత్వం తంతి తపాలా నిబంధనల్లో ఒక వాక్యం చేర్చింది, రాజ్య ప్రయోజనాలకు విరుద్ధంగా ఫోను వాడకూడదని. దాంతో వరసగా ఫోన్లు కోసేశారు. అప్పటినుంచి స్నేహితుల ఇళ్ళకో, తంతి కార్యాలయానికో ఫలానా గంటకు కాల్ పెట్టుకోవడం. ఆపరేటరు "లైను పాడైంది" అంటే ఆ తేదీ, సమయం రాసుకోవడం కూడా పనే.

ఉత్తరం మామూలుగా వేస్తే అందిందో లేదో తెలియదు. కాబట్టి రిజిస్టరు చేసి, అందినట్టు రసీదు అడుగుతూ పంపాలి. రసీదు రాకపోతే పోస్టాఫీసులో విచారణ ఫారం నింపాలి, ఏడాది దాటితే తీసుకోరు. రిజిస్టరు ఉత్తరం పోతే నష్టపరిహారం ఇవ్వాలన్నది అంతర్జాతీయ తపాలా ఒప్పందం నియమం, సోవియట్ యూనియన్ అందులో సభ్యురాలు. ఇలా ఫారాలు పోగేసి పెడితే తపాలా ఆపడం అనేది ఆరోపణ స్థాయి దాటి రికార్డు అవుతుంది. తిరిగొచ్చిన రసీదు మీద సంతకం వేరేవాళ్ళది కావడం మామూలు మోసం. పాత సంతకంతో పోల్చి చూసుకోవాలి.

డబ్బు ఇంకో సమస్య. ఉద్యోగం పోయినవాడు ఊరికే ఉంటే 209వ సెక్షన్ కింద "పరాన్నజీవి" అని కేసు. అందుకే భౌతిక శాస్త్రవేత్తలు బాయిలరు గదుల్లో బొగ్గు వేశారు, లిఫ్టులు నడిపారు, రాత్రి కాపలా కాశారు. బయటినుంచి సుంకం ముందే కట్టిన పార్సెళ్ళు వచ్చేవి. అందులోని జీన్సు, కోటు అమ్ముకుంటే కొన్ని నెలలు గడిచేవి. 1984 ఆగస్టు నుంచి సుంకం ముందే కట్టే పద్ధతి రద్దు చేశారు. బియ్యం డబ్బా మీద కొట్టినట్టే.

#13 సీతాకోక

యాత్రికులుగా వెళ్ళి కలిసేవారని విన్నాను. పట్టుబడకుండా ఎలా?

#14 ఉత్తరాలసంచి

పట్టుబడటం అంటే యాత్రికుడికి మహా అయితే సామాను సోదా, దేశం నుంచి గెంటివేత. ప్రమాదమంతా ఆ ఇంటివాళ్ళకే. అందుకని నియమాలు వాళ్ళ కోసం.

ఇద్దరిద్దరుగా వెళ్ళాలి. చిరునామాలు కాగితం మీద ఉండకూడదు, బట్టీ పట్టాలి లేదా సొంత డైరీలో గుర్తు మార్చి రాసుకోవాలి. హోటల్ గదినుంచి ఫోన్ చేయకూడదు. వీధిలో డబ్బా ఫోనుకు రెండు కొపెక్కుల నాణెం కావాలి, ఆ నాణేలు ముందే పోగేసుకోవాలి. ట్యాక్సీ గుమ్మం ముందు ఆపకూడదు. ఇంట్లో ముఖ్యమైనది ఏదీ నోటితో మాట్లాడరు. గోడలకు చెవులుంటాయన్నది అక్కడ సామెత కాదు, మైక్రోఫోను. పిల్లలు ఆడుకునే మ్యాజిక్ స్లేటు తెచ్చి బల్లమీద పెడతారు. పుల్లతో పేరు రాస్తారు, ఎదుటివాడు చదివి తల ఊపుతాడు, పైన ఉన్న పలచటి రేకు ఎత్తితే అక్షరాలు పోతాయి. మళ్ళీ రాస్తారు. యాత్రికులు అట్టపెట్టెల్లో ఈ స్లేట్లు బహుమతిగా తీసుకెళ్ళేవారు. కస్టమ్స్‌వాడికి అది బొమ్మ.

తీసుకెళ్ళేవి హీబ్రూ పాఠ్యపుస్తకాలు, మందులు, అమ్ముకోవడానికి కెమెరా. తెచ్చేవి కొత్త పేర్లు, మారిన తేదీలు. తిరిగొచ్చాక వెంటనే కూర్చోబెట్టి అన్నీ చెప్పించుకోవాలి, ఆలస్యమైతే పేర్లు కలగాపులగం అవుతాయి.

శాస్త్రవేత్తలకు వేరే దారి. పరిశోధనకు దూరమైతే అయిదేళ్ళలో మనిషి వెనకబడిపోతాడు. అందుకే మాస్కోలో 1972 నుంచి ఇళ్ళల్లో సెమినార్లు నడిపారు. మొదట వొరొనెల్, తర్వాత అజ్బెల్, ఆ తర్వాత బ్రైలోవ్‌స్కీ. బ్రైలోవ్‌స్కీని 1980లో అరెస్టు చేసి అయిదేళ్ళు ప్రవాసానికి పంపారు. పాశ్చాత్య శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్ళి ప్రసంగించడం వట్టి మర్యాద కాదు. సోవియట్ అకాడమీకి వాళ్ళతో పని ఉంది, ఆ పని దీనికి ముడిపెట్టడం.

#15 రాజమండ్రి_రాత్రి

సంస్థల మధ్య గొడవల గురించి ఎవరైనా రాస్తారా? ఒక్క తాటి మీద ఉన్నట్టు లేరు.

#16 పాతకాగితాలు

ఎప్పుడూ లేరు. ఇజ్రాయెల్ ప్రభుత్వం నతీవ్ అనే రహస్య విభాగం ద్వారా 1950ల నుంచే ఈ పని చేసేది, కానీ తన పేరు రానివ్వకుండా. బయట కదలిక మొదలైంది 1963లో క్లీవ్‌లాండ్‌లో చిన్న సంఘంతో, 1964లో న్యూయార్కులో జేకబ్ బిర్న్‌బామ్ పెట్టిన విద్యార్థి సంఘంతో. ఆ ఏడాది మే 1న సోవియట్ కార్యాలయం ముందు ఊరేగింపు. 1969 ఆగస్టులో సోవియట్ జార్జియాలో 18 యూదు కుటుంబాలు సంతకాలతో ఐక్యరాజ్యసమితికి ఉత్తరం రాశాయి. నవంబరులో గోల్డా మెయిర్ దాన్ని పార్లమెంటులో చదివేదాకా ఇజ్రాయెల్ బాహాటంగా నోరెత్తలేదు. లండన్‌లో 1971లో "35 మంది" అనే మహిళా బృందం పుట్టింది. ఒడెస్సా గ్రంథాలయ ఉద్యోగిని రైసా పలత్నిక్ అరెస్టయినప్పుడు ఆమె వయసు 35, ఆ పేరు అలా వచ్చింది. నల్ల దుస్తులతో ఎంబసీ ముందు నిలబడేవారు. సోవియట్ బృందం ఏదొచ్చినా వీళ్ళు అక్కడ ఉండేవారు.

అసలు రచ్చ 1976 తర్వాత. వీసా ఇజ్రాయెల్‌కి, రైలు చోప్ సరిహద్దు దాటి వియన్నాకి. అక్కడ దిగి "అమెరికా పోతాను" అనేవాళ్ళు సగం దాటారు. వాళ్ళను రోమ్ పంపేవారు, ఒస్తియా, లదిస్పోలి ఊళ్ళలో నెలల తరబడి అమెరికా వీసా కోసం కాచుకునేవారు. "ఇజ్రాయెల్ పిలుపు మీద బయటపడి అమెరికా పోతే, కుటుంబాల కలయిక అంతా బూటకం అని మాస్కో అనదా? వెనక ఉన్నవాళ్ళ గతేమిటి?" అని ఇజ్రాయెల్ వాదన. "కావలసిన చోటికి పోవడమే హక్కయినప్పుడు మీరెవరు చెప్పడానికి?" అని అమెరికా సంఘాలు. నా లెక్కలో రెండోదే సూత్రానికి దగ్గర, మొదటిది ఓవీర్ గదికి దగ్గర. 1989 అక్టోబరులో అమెరికా మాస్కోలోనే దరఖాస్తు చేసుకోమని చెప్పి వియన్నా దారి మూసింది. అలా తేలింది.

#17 నల్లమల

న్యూయార్కులో యూదు రక్షణ దళం (జేడీఎల్) పెట్టిన మేయిర్ కహానే గురించి ఎవరూ ఎత్తడం లేదేం? బాంబులు వేసింది కూడా ఈ ఉద్యమం పేరుతోనే.

#18 ఉత్తరాలసంచి

అవును, 1972 జనవరిలో న్యూయార్కులో సోవియట్ కళాకారులను రప్పించే సోల్ హ్యూరాక్ కార్యాలయంలో పెట్టిన పొగ బాంబుకు అక్కడి ఉద్యోగిని, యూదు యువతి, చనిపోయింది. ప్రధాన సంఘాలన్నీ ఖండించాయి. నైతికత పక్కన పెట్టి పనిగా చూసినా నష్టమే. ఆ వారం పత్రికలు ఓవీర్ గురించి రాయలేదు, బాంబు గురించి రాశాయి.

1970 జూన్‌లో దేశం దాటడానికి లెనిన్‌గ్రాడ్ దగ్గర చిన్న విమానం ఎత్తుకుపోవాలని పథకం వేసినవాళ్ళ సంగతి దీనితో కలపకండి. విమానం ఎక్కకముందే పట్టుబడ్డారు, ఎవరికీ హాని లేదు. వాళ్ళలో కుజ్నెత్సోవ్, దిమ్షిత్స్‌లకు డిసెంబరు 24న మరణశిక్ష. ప్రపంచమంతా అరిచాక వారంలో దాన్ని 15 ఏళ్ళకు మార్చారు. ఆ వారమే మాస్కోకు బయటి గొంతు వినిపిస్తుందని రుజువైంది.

#19 కరీంనగర్_కబుర్లు

బయట అరిస్తే లోపలివాళ్ళకు మంచిదన్నది అన్ని చోట్లా నిజమా?

#20 పాతకాగితాలు

కాదు. సిరియా యూదులను చూడండి. గుర్తింపు కార్డు మీద "మూసవీ" (యూదు) అని ముద్ర ఉండేది, రహస్య పోలీసుల అనుమతి లేకుండా ఊరు దాటే వీల్లేదు. వైద్యానికి బయటికెళ్ళాలంటే పూచీ డబ్బు కట్టి, ఇంటివాళ్ళను జామీనుగా వదిలి వెళ్ళాలి. అక్కడ టొరంటోలోని సంగీత ఉపాధ్యాయిని జూడీ ఫెల్డ్ కార్ 1970ల నుంచి దాదాపు మూడు దశాబ్దాలు పేర్లు బయటపెట్టకుండా, లంచాలు కట్టి, దొంగదారి మనుషులకు డబ్బిచ్చి మూడు వేలమందికి పైగా బయటికి తెచ్చింది. ఒక్క పేరు పత్రికకెక్కితే ఆ కుటుంబం జైలుకే. 1992లో సిరియా అధ్యక్షుడు అసద్ ప్రయాణాలు అనుమతించాడు, ఇజ్రాయెల్‌కి తప్ప. అక్కడి అధికారికి లంచం కావాలి, మాస్కోకు గోధుమలు, రుణాలు, ప్రతిష్ఠ కావాలి. ఎదుటివాడికి ఏం కావాలో తెలుసుకోకుండా అరవాలా వద్దా అని తేల్చలేం.

మాస్కోలోనూ 1980ల్లో రెండూ కలిపే నడిచాయి. 1987 ఏప్రిల్‌లో అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ షుల్ట్స్ మాస్కోలో తమ రాయబారి ఇంట్లో తిరస్కృతులను, అంటే వలస అనుమతి దొరకనివాళ్ళను, పిలిచి పాస్‌ఓవర్ పండుగ విందు చేశాడు. పేరున్న తిరస్కృతులు ఇడా నుడెల్, స్లెపాక్ దంపతులు ఆ అక్టోబరులో బయటపడ్డారు. గోర్బచోవ్ అమెరికా వచ్చే ముందు, డిసెంబరు 6న, వాషింగ్టన్‌లో సుమారు రెండున్నర లక్షల మంది చేరారు. రీగన్ గదిలో గోర్బచోవ్‌తో ఆ జనం మాటే ఎత్తాడు. వీధిలో జనం లేకపోతే గదిలో మాటకు బరువుండదు, గదిలో అడిగేవాడు లేకపోతే వీధిలో జనం ఇంటికి పోతారు.

#21 రాజమండ్రి_రాత్రి

చివరి ప్రశ్న. ఆ రహస్యం గడువు సంగతి చివరికి చట్టంలోకి ఎక్కిందా?

#22 వాదప్రతివాదం

ఎక్కింది. ప్రవేశ నిర్గమ చట్టాన్ని సోవియట్ పార్లమెంటు 1991 మే 20న ఆమోదించింది, పూర్తి అమలు 1993 జనవరి 1 నుంచి అని పెట్టింది. డిసెంబరుకల్లా సోవియట్ యూనియనే లేదు. జనం దానికోసం ఆగలేదు, 1990 ఒక్క ఏడాదిలోనే ఇజ్రాయెల్ చేరినవాళ్ళు లక్షా ఎనభై వేలు దాటారు. రష్యా 1996 ఆగస్టు చట్టంలో రహస్యం చూసినవాళ్ళను ఆపే గడువు అయిదేళ్ళు, కమిషను పొడిగిస్తే మొత్తం పదేళ్ళు మించకూడదని రాశారు. జాక్సన్-వానిక్‌ను రష్యా విషయంలో అమెరికా రద్దు చేసింది 2012 డిసెంబరులో, మానవహక్కులు ఉల్లంఘించిన రష్యన్ల మీద ఆంక్షలు పెట్టే మాగ్నిట్‌స్కీ చట్టంతో కలిపి.